ఆ 50 దగ్గరి గీత ఎవరిది?

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. నేను హనుమకొండలో పీహెచ్‌డీ మూడో సంవత్సరం చేస్తున్నాను. ములుగు అడవిలో దొరికే ఒక చెట్టు బెరడు సారం క్యాన్సర్ కణాల మీద ఎలా పనిచేస్తుందో చూడడం నా పని. చెట్టు పేరు దయచేసి అచ్చు వేయకండి. కణితులను అణిచే పీ53 ప్రోటీన్ పెరుగుతోందో లేదో చూడడానికి డీఓ-1 అనే క్లోన్ యాంటీబాడీ (ఒక ప్రోటీన్‌ను గుర్తుపట్టి అతుక్కునే అణువు) తెప్పించాను. 100 మైక్రోలీటర్లకు దాదాపు ఒక నెల ఫెలోషిప్ పోయింది. మే నెల ఎండల్లో హైదరాబాద్ నుంచి వచ్చేసరికి థర్మోకోల్ పెట్టెలో ఐసు కరిగి నీళ్లయింది, పైగా ఒక రాత్రంతా ఆఫీసు గదిలో ఉండిపోయింది. ప్రోటీన్లను గెల్‌లో బరువును బట్టి విడదీసి యాంటీబాడీతో గీతలుగా చూసే వెస్టర్న్ బ్లాట్ చేస్తే, హీలా అనే మనిషి క్యాన్సర్ కణాల్లో ఏమీ రాలేదు. ఎంసీఎఫ్-7 అనే మనిషి రొమ్ము క్యాన్సర్ కణాల్లో 53 కిలోడాల్టన్ల (ప్రోటీన్ బరువు కొలత) దగ్గర కనీకనిపించని గీత వచ్చింది. చిట్టెలుకల కాలేయం, కణితి నమూనాల్లో మాత్రం 50 దగ్గర నల్లటి గీత, 25 దగ్గర ఇంకొకటి వచ్చాయి. సారం ఇచ్చిన ఎలుకల్లో అవి ఇంకా ముదురుగా ఉన్నాయి. మా గైడ్ సార్ 50 దగ్గరిదే పీ53 అంటున్నారు, పేపర్ రాయమంటున్నారు. మా సీనియర్ అక్క యాంటీబాడీ ఎండకు చెడిపోయింది, కొత్తది కొనమంటోంది. మిగిలినదాన్ని ఆసుపత్రి బయాప్సీల మీద వేసి చూద్దామని కూడా అంటోంది. ఎవరి మాట వినాలి? బ్లాట్ ఫొటో జతపరిచాను. మీ అమ్మాయి వయసుదాన్ని, నువ్వు అనే చెప్పండి.
– ఒక పరిశోధక విద్యార్థిని, హనుమకొండ

జవాబు: యాంటీబాడీ చెడిపోయిందనడానికి నీ ఉత్తరంలో నాకు ఒక్క సాక్ష్యం కూడా కనబడలేదు బిడ్డా. కొత్తది కొనకు. అలాగని మీ సార్ చూపించిన గీత పీ53 కూడా కాదు. ఇద్దరి మాటా కాసేపు పక్కన పెట్టి ఒక రోజు పని చెయ్యి. దానికి డబ్బు అక్కరలేదు.

నీ ఉత్తరంలో నన్ను ఆపిన మాట ఒక్కటే. చిట్టెలుక నమూనాల్లో 50, 25. ఈ రెండు అంకెలు పక్కపక్కన కనిపిస్తే బ్లాట్లతో తల నెరిసిన వాళ్లకు నవ్వు వస్తుంది, ఆ వెంటనే కాస్త జాలి కూడా వేస్తుంది. అవి యాంటీబాడీ సొంత ముక్కల కొలతలు. ఐజీజీ అనే యాంటీబాడీ అణువు బరువు సుమారు 150 కిలోడాల్టన్లు. అందులో రెండు బరువు గొలుసులు, రెండు తేలిక గొలుసులు ఉంటాయి. గెల్‌లోకి ఎక్కించే ముందు నమూనాకు మెర్కాప్టోఇథనాల్ కలిపి మరిగిస్తావు కదా, అప్పుడు ఆ గొలుసులను పట్టి ఉంచిన గంధకపు బంధాలు తెగిపోతాయి. బరువు గొలుసు 50 దగ్గర, తేలిక గొలుసు 25 దగ్గర నిలుస్తాయి.

అవి అక్కడికి ఎలా వచ్చాయి? నీ డీఓ-1 చిట్టెలుకలో పుట్టిన యాంటీబాడీ. దాన్ని పట్టి చూపించడానికి తర్వాత నువ్వు పోసిన రెండో యాంటీబాడీకి, అంటే సెకండరీకి, తెలిసిన పని ఒక్కటే, చిట్టెలుక ఐజీజీ ఎక్కడ ఉంటే అక్కడ అతుక్కోవడం. మనిషి కణాల బ్లాట్‌లో చిట్టెలుక ఐజీజీ అంటే నువ్వు పోసిన డీఓ-1 మాత్రమే, కాబట్టి చిక్కు లేదు. కాలేయం ముక్కలో అలా కాదు. అందులో రక్తం ఉంటుంది, రక్తంలో ఆ ఎలుక సొంత ఐజీజీ దండిగా ఉంటుంది. సెకండరీ ఆ రెంటికీ తేడా చూడదు. పెళ్లిలో వడ్డించే కుర్రవాడికి 'మగపెళ్లివారికి వడ్డించు' అని చెప్పకుండా 'తెల్లచొక్కాల వాళ్లకు వడ్డించు' అని చెబితే ఏమవుతుందో అదే ఇక్కడా అయింది.

సారం ఇచ్చిన ఎలుకల్లో గీత ముదురుగా ఉందన్నావు. ముక్క కోసినప్పుడు రక్తం ఎంత మిగిలింది, ఎంత బాగా కడిగారు అన్నదాన్ని బట్టి కూడా ఆ ముదురు మారుతుంది. అది నీ చెట్టు మహిమ అని రాస్తే, ఆ చెట్టుకే అన్యాయం చేసినట్టు.

ఇంకొక సంగతి ఉంది, ఇది మరీ ముఖ్యం. డీఓ-1 చిట్టెలుక పీ53ని గుర్తించదు. మనిషి పీ53లో 393 అమైనో ఆమ్లాలు ఉంటే, డీఓ-1 కళ్లకు ఆనేది 20 నుంచి 25 వరకు ఉన్న చిన్న ముక్క. చిట్టెలుక పీ53లో ఆ చోటు దానికి సరిపోదు. అంటే ఆ కాలేయంలో పీ53 పది రెట్లు పెరిగినా నీ యాంటీబాడీకి కనబడేది కాదు. వెతికింది కనబడే వీలే లేని చోట, వెతకనిది నల్లగా వచ్చి కూర్చుంది.

నమ్మకపోతే ఇలా చెయ్యి, నమ్మినా చెయ్యి. ఒకే గెల్‌లో ఎడమ సగంలో, కుడి సగంలో అవే నమూనాలు అదే వరుసలో వెయ్యి. గెల్‌లోని ప్రోటీన్లను మెంబ్రేన్ అనే పలుచని పొర మీదికి ఎక్కించాక మధ్యకు కత్తిరించు. ఎడమ ముక్కకు డీఓ-1 పొయ్యి, కుడి ముక్కకు డీఓ-1 లేని ఉత్త బఫర్ పొయ్యి. తర్వాత రెండు ముక్కలకూ అదే సెకండరీ, అవే కడుగుళ్లు, అదే రసాయనం, అంతే సమయం. కుడి ముక్కలో కూడా 50, 25 వస్తే ఇక వాదనే లేదు. డీఓ-1 పోయని చోట వచ్చిన గీతకు డీఓ-1 పేరు పెట్టలేం కదా.

ఇంత ధైర్యంగా చెబుతున్నానంటే నేను ఒకసారి మునిగి తేలినదాన్ని కాబట్టి. ఉద్యోగంలో చేరిన కొత్తలో మూడు నెలలు ఒక అందమైన గీతను పెంచి పోషించాను. మందు మోతాదు పెంచితే అది కూడా పెరిగేది. మా ల్యాబులో గాజుసామాను కడిగే పెద్దాయన ఒకరు ఉండేవారు. చదువు ఐదో తరగతి. బ్లాట్ గీతలు పడిన ఎక్స్‌రే ఫిల్ములు ఆరబెట్టేటప్పుడు అన్నీ చూస్తూ ఉండేవారు. ఒకరోజు 'మందు పోయని దాంట్లో కూడా ఈ గీత ఉంది కదమ్మా' అన్నారు. ఆయన దృష్టిలో మందు అంటే ప్రైమరీ యాంటీబాడీ, నీ డీఓ-1లా మొదట పోసేది. మూడు నెలల నోట్‌బుక్ నేను ఇప్పటికీ పారేయలేదు.

ఖిలా వరంగల్‌లో నాలుగు కీర్తితోరణాలు చూశావు కదా. ఒక తోరణం ఫొటో మాత్రమే ఇచ్చి ఇది ఏ దిక్కుదో చెప్పమంటే పక్కనే పుట్టి పెరిగిన వాడు కూడా తడబడతాడు. చుట్టూ ఏముందో కనబడాలి. బ్లాట్‌లో గీత ఉన్న చోటు కూడా అంతే. 50 దగ్గర నిలిచే ప్రోటీన్లు కణంలో వందలు ఉంటాయి. చోటు ఒక్కటే చూసి పేరు పెట్టకూడదు.

ఆ మాటకొస్తే పీ53 పేరులోని 53 కూడా గెల్ పెట్టిన పేరే. అమైనో ఆమ్లాల బరువు కూడితే మనిషి పీ53 సుమారు 43.7 కిలోడాల్టన్లే వస్తుంది. ప్రోలీన్లు దండిగా ఉన్న ఒక భాగం వల్ల గెల్‌లో మెల్లగా పోయి 53 దగ్గర నిలుస్తుంది. 1979లో ఇది దొరికిన తీరు కూడా నీ పరిస్థితికి దగ్గరి చుట్టమే. ఎస్‌వీ40 వైరస్ తాకిడికి క్యాన్సర్ కణాలుగా మారిన వాటిలో ఆ వైరస్ ప్రోటీన్ అయిన టీ-యాంటిజెన్‌ను యాంటీబాడీలతో బయటికి లాగితే, దాని వెంట పిలవని చుట్టంలా 53 దగ్గర ఇంకొక ప్రోటీన్ వచ్చింది. లండన్‌లో డేవిడ్ లేన్, లయొనెల్ క్రాఫర్డ్, ప్రిన్స్‌టన్‌లో ఆర్నాల్డ్ లెవిన్, డేనియల్ లింజర్ దాన్ని పట్టుకున్నారు. అది వైరస్ ముక్క కాదని, యాంటీబాడీ పొరపాటున పట్టుకున్నదీ కాదని, కణం సొంత ప్రోటీనే టీ-యాంటిజెన్‌ను అతుక్కుని వచ్చిందని తేల్చడానికే వాళ్లు కష్టపడాల్సి వచ్చింది. అంతటితో అయిందా? దాదాపు పదేళ్లు దాన్ని క్యాన్సర్ తెచ్చే జన్యువు అనుకున్నారు. వాళ్ల చేతిలో ఉన్న నకళ్లు చాలావరకు పాడైన జన్యువులవి. 1989లో గానీ అది క్యాన్సర్‌ను అడ్డుకునేదని ఒప్పుకోలేదు. అంత పెద్దవాళ్లు పదేళ్లు తికమకపడిన ప్రోటీన్‌తో నువ్వు కొన్నాళ్లు తికమకపడితే సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

ఇప్పుడు హీలా సంగతి. అక్కడ ఏమీ రాలేదని బాధపడ్డావు. నాకైతే నీ బ్లాట్‌లో అన్నిటికంటే ముందు నమ్మకం కలిగించింది ఆ ఖాళీ గడే. హీలా కణాలు 1951లో బాల్టిమోర్‌లో హెన్రియెట్టా లాక్స్ అనే ఆమె గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ నుంచి తీసినవి. ఆ క్యాన్సర్ తెచ్చినది హ్యూమన్ పాపిలోమా వైరస్ 18వ రకం. దాని జన్యువులు ఇప్పటికీ ఆ కణాల్లో పనిచేస్తూనే ఉన్నాయి. ఆ వైరస్ తయారు చేసే ఈ6 అనే ప్రోటీన్, కణంలోనే ఉన్న ఇంకొక ప్రోటీన్‌ను తోడు తెచ్చుకుని పీ53కి యుబిక్విటిన్ అనే చెత్త ముద్ర వేయిస్తుంది. ముద్ర పడినదాన్ని ప్రోటియాసోమ్ అనే కణంలోని చెత్తయంత్రం నమిలేస్తుంది. హీలాలో పీ53 జన్యువు బాగానే ఉంటుంది, ప్రోటీనే నిలవదు. కావాలంటే ప్రోటియాసోమ్‌ను ఆపే ఎంజీ132 మందు నాలుగైదు గంటలు ఇచ్చి చూడు, ఖాళీ గడిలో గీత తేలుతుంది. పీ53 పెరుగుదల చూడాలనుకునే వాళ్లు హీలాను ఎంచుకోవడం నాకు మొదటి నుంచీ అర్థం కాదు. పక్క ల్యాబులో ఉన్నాయి కాబట్టి అన్నదే చాలాసార్లు అసలు కారణం.

ఎంసీఎఫ్-7లో కనీకనిపించని గీత కూడా సబబే. ఆ కణాల్లో పీ53 మామూలు రూపంలోనే ఉంది. మామూలు పీ53 ఏ ఇబ్బందీ లేని కణంలో ఎక్కువసేపు బతకదు. ఎండీఎం2 అనే ప్రోటీన్ దాన్ని ఎప్పటికప్పుడు తొలగిస్తూ ఉంటుంది, ఇరవై నిమిషాల్లోనే సగం పోతుంది. డీఎన్‌ఏకి దెబ్బ తగిలితే ఎండీఎం2 పట్టు సడలి పీ53 పోగవుతుంది. అందుకని ఎంసీఎఫ్-7 కణాలకు ఒక మైక్రోమోలార్ డాక్సోరూబిసిన్ ఒక రాత్రంతా ఇచ్చి, మరునాడు లైసేట్ (కణాలను పగలగొట్టి తీసిన ద్రవం) తీసి వెయ్యి. అది క్యాన్సర్ మందే కాబట్టి తొడుగులు లేకుండా ముట్టకు, మిగిలినదాన్ని సింకులో పొయ్యకు. ఆ గడిలో 53 దగ్గర గీత చిక్కబడితే నీ యాంటీబాడీ బతికే ఉంది. సీనియర్ అక్క ప్రశ్నకు అదే జవాబు.

అయితే అది సగం జవాబు. పీ53 ఉన్న చోట యాంటీబాడీ అవునంటే చాలదు, లేని చోట కాదనాలి. పీ53 జన్యువే పోయిన కణాలు ఉన్నాయి. ఊపిరితిత్తుల క్యాన్సర్ నుంచి వచ్చిన హెచ్1299, ఎముక క్యాన్సర్ నుంచి వచ్చిన సావోస్-2 అలాంటివి. వాటి లైసేట్‌లో 53 దగ్గర ఏమీ రాకూడదు. వచ్చిందంటే నీ డీఓ-1 ఇంకెవరినో పట్టుకుంటోంది. ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి కొనేవాళ్లు బస్తా మీది ముద్ర చూసి ధర కట్టరు, లోపలికి చేయి పెట్టి అడుగున ఉన్న కాయ తీసి చూస్తారు. యాంటీబాడీ సీసా మీది ముద్రకు మాత్రం మన ల్యాబుల్లో ఎందుకో అంత మర్యాద.

హెచ్1299 మీ దగ్గర లేదంటావు. కణాలు తెప్పించకు. అవి పెంచాలి, అవి కలుషితం కాకుండా కాపాడాలి, ఇంకో ఆరు వారాలు పోతాయి. హైదరాబాద్‌లో ఆ కణాలు వాడే ల్యాబు ఒకటి చూసుకుని లైసేట్ అడుగు. శాంపిల్ బఫర్‌లో మరిగించిన 50 మైక్రోలీటర్లు చాలు, ఎవరూ కాదనరు. చిన్న ఐసు డబ్బాలో పెట్టుకుని హనుమకొండ బస్సు ఎక్కితే సాయంత్రానికి నీ ఫ్రీజర్‌లో ఉంటుంది. మరిగించిన లైసేట్ అంత తేలిగ్గా పాడవదు కూడా.

పాడవడం అన్నాను కాబట్టి ఎండ సంగతి. ఐజీజీ యాంటీబాడీ మొండిది. గ్లిసరాల్, అజైడ్ కలిపిన ద్రవంలో ఉన్నది ఒక రోజు వేడికి చచ్చిపోవడం అరుదు. మన మే నెల ఎండలో పెట్టమని అనడం లేదు, నీ పెట్టె గదిలోనే ఉంది. ఐజీజీని నిజంగా చంపేది మనం ఫ్రీజర్‌లో పెట్టి, తీసి, కరిగించి, మళ్లీ పెట్టడం. మీ ఫ్రీజర్ మంచు కట్టకుండా తనంతట తాను వేడెక్కే రకం అయితే అది రోజూ నీకు తెలియకుండా ఆ పని చేస్తూ ఉంటుంది. సీసా మీది కాగితం చదువు. గ్లిసరాల్ సగానికి సగం ఉంటే మైనస్ 20లో గడ్డకట్టదు, నేరుగా అక్కడే ఉంచవచ్చు. లేకపోతే పది మైక్రోలీటర్ల చొప్పున చిన్న గొట్టాల్లో పంచి పెట్టు, ఒకసారి కరిగించినదాన్ని 4 డిగ్రీల దగ్గర ఉంచి వాడేసెయ్యి. సెకండరీకి అతికించిన పెరాక్సిడేజ్ ఎంజైము మాత్రం సుకుమారి. దాన్ని గడ్డకట్టించకు, దాని బఫర్‌లో సోడియం అజైడ్ కలపకు, అజైడ్ ఆ ఎంజైము నోరు నొక్కేస్తుంది. బ్లాట్ మొత్తం ఖాళీగా వచ్చిన రోజున చాలామంది ప్రైమరీని తిడతారు, తప్పు చాలాసార్లు ఇక్కడ ఉంటుంది. అనుమానం ఉంటే బాగా పలుచన చేసిన డీఓ-1 ఒక మైక్రోలీటర్ నేరుగా మెంబ్రేన్ ముక్క మీద చుక్కగా పెట్టి, ఆరాక బ్లాక్ చేసి, సెకండరీ పోసి చూడు. చుక్క వెలిగితే సెకండరీ, వెలిగించే రసాయనం రెండూ బాగున్నట్టే.

ఇక చిట్టెలుక నమూనాలు. వాటిని పారేయకు. వాటికి కావలసింది చిట్టెలుక పీ53ని గుర్తించే, చిట్టెలుకలో పుట్టని యాంటీబాడీ. సీఎం5 అనే కుందేలు యాంటీబాడీ చిట్టెలుక పీ53 మీదనే తయారైంది. దానికి తగ్గట్టు కుందేలు ఐజీజీని పట్టే సెకండరీ వాడాలి. అప్పుడు ఎలుక సొంత ఐజీజీ అడ్డురాదు. దీనికి డబ్బు కావాలి, నిజమే. పై పరీక్షలన్నీ అయ్యాక, ఈ ఒక్కదానికి మాత్రం అడుగు. ఈలోగా లైసేట్లు మైనస్ 80లో భద్రంగా ఉంచు.

అన్నీ సరిగ్గా వచ్చి, నీ సారం ఇస్తే ఎంసీఎఫ్-7లో పీ53 నిజంగానే పెరిగిందనుకుందాం. అక్కడ కూడా ఆగి ఆలోచించాలి. పీ53 పెరగడం అంటే కణానికి ఏదో దెబ్బ తగిలిందని. ఆ దెబ్బ మందు వల్ల కావచ్చు, విషం వల్ల కావచ్చు, సారంలో మిగిలిపోయిన మిథనాల్ వల్ల కూడా కావచ్చు. సారం లేకుండా ఆ ద్రావకం మాత్రమే ఇచ్చిన గడి నీ బ్లాట్‌లో నాకు కనబడలేదు, అది తప్పనిసరి. పైగా గీత ముదురైనంత మాత్రాన పీ53 పనిచేస్తున్నట్టు కాదు. ఎస్‌కే-బీఆర్-3 అనే రొమ్ము క్యాన్సర్ కణాలు ఏ మందూ ఇవ్వకుండానే నల్లటి గీత ఇస్తాయి. వాటిలో పీ53 175వ చోట మారిపోయింది, డీఎన్‌ఏని సరిగా పట్టుకోలేదు, అయినా గుట్టగా పేరుకుంటుంది. పని చేయని వాడే ఆఫీసులో ఎక్కువసేపు కనబడినట్టు. అందుకే పీ53 పక్కన పీ21 అనే ఇంకొక ప్రోటీన్‌ను కూడా చూడు. పీ53 నిజంగా పనిలోకి దిగితే పీ21 జన్యువును లేపుతుంది. రెండూ కలిసి లేస్తే నీ మాటకు బలం.

ఒక మెలిక కూడా చెప్పి ఉంచాలి. డీఎన్‌ఏకి దెబ్బ తగిలినప్పుడు పీ53 మీద 20వ చోటనున్న సెరిన్ అనే అమైనో ఆమ్లానికి ఫాస్ఫేట్ అతుక్కుంటుంది. అది డీఓ-1 పట్టుకునే చోటే. ఫాస్ఫేట్ ఉన్న అణువులను డీఓ-1 సరిగా పట్టుకోలేదు, అంటే ఉన్నదానికంటే తక్కువ చూపించవచ్చు. వీలైతే వేరే చోట పట్టుకునే క్లోన్‌తో ఒకసారి సరిచూసుకో. 46 నుంచి 55 మధ్య పట్టుకునే పీఏబీ1801 పాత నమ్మకస్తురాలు. రెండు వేర్వేరు చోట్ల పట్టుకునే రెండు యాంటీబాడీలు ఒకే మాట చెబితే పరీక్షకుడు కూడా ఎక్కువ ప్రశ్నలు వెయ్యడు.

బయాప్సీల ఆలోచన మాత్రం వద్దు. సీసా మీద 'పరిశోధనకు మాత్రమే' అని ఉంటుంది, అది అలంకారానికి రాసింది కాదు. నైతిక కమిటీ అనుమతి లేకుండా రోగి కణజాలం ముట్టుకోకూడదు. అనుమతి ఉన్నా, నీ బల్ల మీద వచ్చిన ఫలితం రోగి చెవిన పడకూడదు. ఆసుపత్రుల్లో పాథాలజీ వాళ్లు ఎక్కువగా వాడేది దీని తోబుట్టువు లాంటి డీఓ-7. వాళ్లు మైనంలో పొదిగిన ముక్కను వేడి బఫర్‌లో ఉడికించి, తెలిసిన కణజాలాన్ని పక్కన పెట్టుకుని చదువుతారు. కేంద్రకాలన్నీ ముదురుగా రంగు తేలినా అనుమానమే, ఒక్కటి కూడా తేలకపోయినా అనుమానమే. అక్కడక్కడా లేతగా తేలితే మామూలు. ఆ చదువు వేరు, నీ బ్లాట్ చదువు వేరు.

మీ సార్‌తో ఎలా చెప్పాలన్నది నువ్వు అడగలేదు గానీ ఉత్తరమంతా ఆ భయమే ఉంది. 'మీరు చెప్పింది తప్పు సార్' అనకు. కత్తిరించిన రెండు ముక్కలూ పక్కపక్కన పెట్టి, 'ఇది డీఓ-1 పోసినది, ఇది పోయనిది సార్' అని మాత్రం చెప్పు. ఆపైన మాట్లాడకు. ముప్పై ఏళ్లు ల్యాబులో గడిపిన మనిషికి అంతకంటే చెప్పాల్సిన పని ఉండదు. అయినా ఆయన పేపర్ రాయాల్సిందే అంటే, కుందేలు యాంటీబాడీతో ఒకసారి చూసి రాద్దామని గడువు అడుగు. కోపగించుకుంటే ఒకరోజు కోపగించుకుంటారు. పేపర్ మీద మొదటి పేరు నీది.

థీసిస్‌లో 'పీ53 యాంటీబాడీ వాడాం' అని ఒక ముక్కలో రాసి వదిలెయ్యకు. క్లోన్ పేరు, ఏ జంతువులో పుట్టింది, అమ్మిన సంస్థ, కేటలాగ్ సంఖ్య, లాట్ సంఖ్య (ఏ విడతలో తయారైందో చెప్పేది), ఎంత పలుచన, ఎంతసేపు, ఏ బ్లాకింగ్, అన్నీ రాయి. ఇలాంటి క్లోన్ యాంటీబాడీల పద్ధతి కోలర్, మిల్‌స్టీన్ 1975లో కనిపెట్టినదే, దానికి 1984లో నోబెల్ కూడా వచ్చింది. ఒకే కణం సంతానం కాబట్టి అన్ని సీసాల్లోనూ ఒకే గుర్తింపు ఉండాలి. ఉండాలి అన్నాను. లాట్ సంఖ్య అందుకే రాసుకోమంటున్నాను.

నువ్వు పంపిన ఫొటోలో మార్కర్ గడి (బరువులు తెలిసిన ప్రోటీన్లు వేసేది) కత్తిరించి ఉంది. 50 అని, 25 అని నువ్వు రాసిన మాట నమ్మి ఇదంతా చెప్పాను. రెండు ముక్కల బ్లాట్ చేశాక మార్కర్‌తో సహా, అంచులు కూడా కత్తిరించకుండా పంపు. చూసి మళ్లీ రాస్తాను.